మన పంట లెక్క మన చేతిలోనూ ఉండాలి

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ఈసారి మమ్మల్ని ప్రకృతి వ్యవసాయంలో పంట సమాచారం పంచుకోవడం గురించి మాట్లాడమన్నారు. ఆ మాట మా సంఘంలో చెప్పగానే ఒక పిన్ని, "పంచుకోవడానికేముందమ్మా, రేవు దగ్గర రోజూ పంచుకుంటూనే ఉన్నాంగా" అంది. అందరం నవ్వుకున్నాం. తర్వాత ఆలోచిస్తే ఆవిడ అన్నదాంట్లో సగం నిజం ఉందనిపించింది. మనకు తెలియని సంగతంటూ లేదు. ఎవరి చేలో ఏం చల్లారో, ఎవరి వడ్లు ఏ మిల్లుకు పోయాయో ఊరందరికీ తెలుసు. కానీ ఆ సంగతి బియ్యం కొనేవాళ్ల దాకా నిజంగా, పూర్తిగా వెళ్లదు. అక్కడి సంగతి మన దాకా తిరిగి రాదు. మధ్యలో ఎక్కడ ఆగిపోతోందో మా అనుభవంలో చూసినంత వరకు చెబుతాం. మాలో ఎక్కువ చదువుకున్నవాళ్లంటే పదో తరగతి వరకే. పెద్ద మాటలు రావు, తప్పులుంటే సర్దుకోండి.

ముందు మా తప్పు చెప్పుకుంటాం.

2022 సార్వాలో మా సంఘంలో పదకొండు మంది సభ్యులం కొంత కొంత పొలంలో ప్రకృతి పద్ధతిలో వరి వేశాం. నవధాన్యాలు చల్లి కలియదున్నాం, ఘనజీవామృతం వేశాం, విత్తనానికి బీజామృతం పట్టించాం, పదిహేను రోజులకోసారి ద్రవజీవామృతం పారించాం. నగరం నుంచి ఒక కొనుగోలుదారు వచ్చి, మందులు కొట్టని వడ్లయితే బస్తాకు మామూలు ధర మీద రెండు వందలు ఎక్కువిస్తానన్నాడు. సంతోషపడ్డాం. చేసిన ప్రతి పనినీ తేదీ వేసి సంఘం పుస్తకంలో రాయడం మొదలుపెట్టాం.

పొట్ట దశలో సుడిదోమ వచ్చింది. దోమ సంగతి మీకు తెలుసు. మొదట్లో పట్టి రసం పీలుస్తుంది, గుండ్రంగా సుడులు సుడులుగా చేను మాడిపోతుంది. నీళ్లు తీసేసి చేను ఆరగట్టాలి. నాట్లప్పుడే ప్రతి రెండు మీటర్లకు ఒక కాలిబాట వదిలితే గాలి ఆడి దోమ తగ్గుతుంది. చాలామందిమి బాటలు తీశాం. ఒక చెల్లెలు మాత్రం ఆ రోజు కూలీలు దొరక్క తీయలేకపోయింది. ఎకరం ఇరవై సెంట్ల చేను. అప్పుచేసి పెట్టుబడి పెట్టిన పంట కళ్లముందే మాడిపోతుంటే వాళ్లాయన తట్టుకోలేక ఒక తెల్లవారుజామున పురుగుమందు కొట్టేశాడు.

ఆ చెల్లెలు ఏడ్చుకుంటూ వచ్చి మాకు చెప్పింది. మేమేం చేశాం? "ఏం కాదులేమ్మా, ఒక్కసారేగా, ఎవరికీ చెప్పబాకు" అన్నాం. ఆ వారం పుస్తకంలో ఆమె గడి ఖాళీగా వదిలేశాం. తోటి ఆడపిల్లను కాపాడామనుకున్నాం.

కోతలయ్యాయి. పదకొండు మందివీ కలిపి 120 బస్తాలయ్యాయి. అందులో ఆ చెల్లెలివి 28. అన్నీ ఒకే చోట గుట్ట వేశాం. కొనుగోలుదారు నమూనా తీసుకెళ్లి పరీక్ష చేయించాడు. మందు అవశేషం ఉందని చెప్పి మొత్తం సరుకును మామూలు ధరకే తీసుకుంటానన్నాడు. మందు తగలని 92 బస్తాలకూ రావాల్సిన రెండొందలు పోయాయి. లెక్కేస్తే 18,400 రూపాయలు. ఆ రోజు సమావేశంలో జరిగిన గొడవ ఇక్కడ చెప్పలేం. ఆ చెల్లెలు రెండు నెలలు మీటింగుకు రాలేదు.

తర్వాత చల్లగా కూర్చుని ఆలోచించాం. తప్పు ఎవరిది? దోమది కాదు. మందు కొట్టిన ఆయనది కొంతే. ఎక్కువ తప్పు మా ఖాళీ గడిది. ఆ ఒక్క గడి నిజం రాసి ఉంటే 28 బస్తాలు పక్కన పెట్టేవాళ్లం, మిగతా 92 నిలబడేవి. మరి ఎందుకు రాయలేదు? రాస్తే ఆమెను సంఘంలోంచి తీసేస్తారని, అందరూ వేలెత్తి చూపుతారని భయం. నిజం చెప్పినవాళ్లకు శిక్ష పడేచోట ఎవరూ నిజం చెప్పరు. ఎన్ని యాప్‌లు పెట్టినా, ఎన్ని టాబ్‌లు ఇచ్చినా అందులోకి అబద్ధమో ఖాళీయో వెళ్తుంది తప్ప నిజం వెళ్లదు. సమాచారం పంచుకోవడంలో మాకు కనిపించిన మొదటి కష్టం ఇదే.

అందుకని 2023 సార్వా నుంచి ఒక తీర్మానం చేసుకున్నాం. మందు కొట్టాల్సి వస్తే కోతకు ముందే సంఘంలో చెప్పాలి. చెప్పినవాళ్లకు జరిమానా లేదు, మాట లేదు. వాళ్ల బస్తాలు విడిగా ఉంటాయి, మామూలు ధరకు మనమే దగ్గరుండి అమ్మిపెడతాం. దాచిపెట్టి తర్వాత తెలిస్తే మాత్రం ఆ ఏడాది ఉమ్మడి అమ్మకంలో ఉండరు. ఆ ఏడాదే ఇద్దరు వాళ్లంతట వాళ్లే లేచి చెప్పారు. ఒకరు కలుపుమందు, ఒకరు పురుగుమందు. ఇద్దరికీ చప్పట్లు కొట్టాం. రెండు నెలలు మీటింగుకు రాని ఆ చెల్లెలే ఇప్పుడు ఆ పుస్తకం రాస్తోంది.

మరి చదువురాని హమాలీకి ఏ బస్తా ఏదో ఎలా తెలుస్తుంది? చీటీ కడితే ఊడిపోతోంది. అందుకని మందు తగిలిన బస్తాల మూతి ఎర్ర పురికొసతో కుడుతున్నాం, తగలనివి తెల్లదానితో. లారీ దగ్గరా, మిల్లు దగ్గరా ఎవరు చూసినా తెలుస్తుంది. కోత మిషన్ దగ్గరా ఒక జాగ్రత్త తీసుకుంటున్నాం. పక్క చేను కోసి వచ్చిన మిషన్ ట్యాంకులో ఆ గింజలు మిగిలే ఉంటాయి. మన చేలో మొదట వచ్చిన గింజను ఒక బస్తా దాకా విడిగా తీసి ఎర్ర పురికొస కుడుతున్నాం.

ఇక రెండో కష్టం. ఒకే సంగతిని ఎన్నిచోట్ల రాయించుకుంటున్నారో ఒకసారి లెక్కపెట్టాం. సంఘం పుస్తకంలో ఒకసారి, ప్రకృతి వ్యవసాయం ఐసీఆర్‌పీ అక్క ఫోనులో ఒకసారి, రైతు సేవా కేంద్రంలో ఈ-పంటలో ఒకసారి, ధాన్యం కొనుగోలు దగ్గర ఒకసారి, కొనుగోలుదారు ఫారంలో ఒకసారి. పీజీఎస్ ధ్రువీకరణకు వెళ్తే ఇంకోసారి. ఆరు చోట్ల అదే పేరు, అదే సర్వే నంబరు, అదే పంట. ఒక చోట రాసింది ఇంకో చోటికి పోదు. ప్రతిసారీ ఆధార్ కార్డు, పాసు పుస్తకం జిరాక్సులు. పొలం పని మానుకుని వెళ్లేది మనమే.

పోనీ ఆరు చోట్లా ఒకేలా ఉంటాయా అంటే ఉండవు. మాకు జరిగింది చెబుతాం. ఒక అక్క పంట ఒక చోట "స్వర్ణ" అని ఉంది, ఇంకో చోట "ఎంటీయూ 7029" అని ఉంది. రెండు పంటలు చూపిస్తున్నారేంటని ఫారం వెనక్కి పంపారు. స్వర్ణంటేనే ఎంటీయూ 7029 అని, మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన వంగడమని మన ఊళ్లో చిన్న పిల్లాడికి కూడా తెలుసు. సాంబ మసూరి, బీపీటీ 5204 కూడా అంతే, ఒకటే. ఫారం చూసేవాళ్లకు తెలియలేదు. అలాగే మనం ఎకరం ఇరవై సెంట్లు అంటాం, కంప్యూటరులో 0.49 హెక్టారు అని ఉంటుంది. మనం 40 బస్తాలు అంటాం, సర్కారువాళ్లు 30 క్వింటాళ్లంటారు, కొనుగోలుదారు 3 టన్నులంటాడు. మన బస్తా 75 కిలోలు కాబట్టి మూడూ ఒకటే. కానీ కాగితం మీద మూడు వేర్వేరు అంకెలు కనిపిస్తే అనుమానం మన మీదికే వస్తుంది. అందుకే ఇప్పుడు మా పుస్తకం మొదటి పేజీలో ఈ లెక్కలన్నీ రాసి పెట్టుకున్నాం. పంటకు రెండు పేర్లూ పక్కపక్కన రాస్తున్నాం. తూకం ఎప్పుడూ కిలోల్లోనే రాస్తున్నాం. చిన్న పనే, దానివల్ల మూడు ప్రయాణాలు తప్పాయి.

పేర్ల సంగతి ఇంతకన్నా కష్టం. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది, రేషన్ కార్డులో అత్తింటి ఇంటిపేరు ఉంటుంది. పొలమేమో మామగారి పేరు మీదో ఆయన పేరు మీదో ఉంటుంది. జీవామృతం కలిపింది మనం, కలుపు తీసింది మనం, పుస్తకం రాసింది మనం. ఈ-పంటలో చూస్తే రైతు పేరు ఇంకొకరిది. బియ్యం సంచి మీద "మహిళా రైతులు పండించినది" అని ఉంటుంది, రికార్డులో వెతికితే ఒక్క ఆడపేరు కనపడదు.

కౌలు చేసేవాళ్ల పరిస్థితి మరీ కష్టం. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. దాని ప్రకారం కౌలు రైతుకు పదకొండు నెలలకు కార్డు ఇస్తారు. కానీ దానికి పొలం యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని చాలామంది పెట్టడంలేదు. కార్డు లేకపోతే ఆమె చేను పచ్చగానే ఉంటుంది, కాగితంలో మాత్రం ఆమె ఉండదు. ఇంకో బాధ కూడా ఉంది. మందులు మాని నేల మారడానికి రెండు మూడేళ్లు పడుతుంది, ఆ చరిత్రంతా ఆ సర్వే నంబరు పేరు మీదే ఉంటుంది. కౌలు మారి ఆమె వేరే చేనుకు వెళ్తే మళ్లీ మొదటి ఏడాదే. ఆమె నేర్చుకున్న పని, ఆమె నడిపిన పద్ధతి ఆమె వెంట రావు. అందుకే మా సంఘంలో చేనుకు ఒక పేజీ, మనిషికి ఒక పేజీ విడివిడిగా పెట్టాం. చేను మారినా మనిషి పేజీ సాగుతుంది. దీన్ని ఇంకా ఏ ఆఫీసూ ఒప్పుకోలేదు. కానీ మా దగ్గర ఉంది.

మూడో కష్టం మన కొల్లేరు వాళ్లకు ప్రత్యేకంగా ఉన్నది. మన మండలంలో వరి చేనుకు ఆనుకుని చేపల చెరువు, చెరువుకు ఆనుకుని వరి చేను. ఇక్కడున్న వాళ్లలో సగం మందికి చేపలో రొయ్యలో ఉన్నాయి. మేం ఎవర్నీ తప్పుపట్టడానికి చెప్పడంలేదు, అందరం అదే కాలవ నీళ్లు తాగి బతుకుతున్నాం. మేం మా చేలో ఏం వేశామో రాసుకుంటాం. పక్క చెరువులో ఏం వేశారో, ఆ నీళ్లు ఎప్పుడు వదులుతారో మాకు తెలియదు. పోయిన ఏడాది ఒక రాత్రి నీళ్లు వదిలితే తెల్లారేసరికి రెండు చేలల్లో ఆ నీళ్లే. మా పుస్తకంలో "మందు వేయలేదు" అనే ఉంది. ఆ మాట నిజమేనా? మా వరకు నిజం. చేను వరకు తెలియదు.

సంగతి తెలియకపోతే చేప రైతుకూ నష్టమే. 2018 జూలైలో అస్సాంలో ఆంధ్రా చేపలో ఫార్మలిన్ దొరికిందని అక్కడి ప్రభుత్వం పది రోజులు మన చేపను ఆపేసింది. ఆ మందు చెరువులో కలిసిందా, ఐసు పెట్టేచోట కలిసిందా, దారిలో కలిసిందా, అక్కడికెళ్లాక కలిసిందా చెప్పడానికి ఎవరి దగ్గరా ఏ పెట్టె ఏ చెరువుదన్న లెక్క లేదు. లెక్క లేకపోతే ఒక్కడు చేసిన తప్పు అందరి మెడకూ చుట్టుకుంటుంది. మా 28 బస్తాలు 92 బస్తాలను ముంచినట్టే.

రొయ్యలకు ఈ లెక్క ఇంకా గట్టిగా అడుగుతున్నారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి యాంటీబయాటిక్ మందులు రొయ్యల్లో వాడకూడదని నిషేధం ఉంది. వాటి జాడలు దొరుకుతున్నాయని ఐరోపా దేశాలు 2016 నుంచి మన దేశపు చెరువు రొయ్యల్లో రెండు లోడ్లకు ఒకటి చొప్పున తమ రేవులో పరీక్ష పెడుతూ వచ్చాయి. అమెరికా 2022 నవంబరులో ఒక నిబంధన తెచ్చింది. రొయ్యల్లాంటి సరుకు ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరెవరి చేతులు మారింది అన్న రికార్డు అడిగిన 24 గంటల్లో చూపించాలని అందులో ఉంది. దాని అమలు గడువును వెనక్కి జరిపారు గాని మానలేదు. ఆ లెక్క చివరికి ఎవరి మెడ మీదికి వస్తుంది? చెరువు గట్టున మేత వేసేవాడి మీదికి, షెడ్డులో తలలు తీసే మన ఆడవాళ్ల మీదికి. అడిగేనాటికి నేర్చుకుందామంటే కుదరదు.

అందుకని చెరువులున్న అక్కలకు మా విన్నపం ఒకటే. నీళ్లు వదిలే రోజును రెండు రోజుల ముందు మీ గ్రామ సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ఏం వేశారని మేం అడగం. ఎప్పుడు వదులుతారో చెబితే చాలు, మేం తూము మూసుకుంటాం. మా ఊళ్లో ముగ్గురు ఇలా చెబుతున్నారు. వాళ్లకు ఇక్కడినుంచే ధన్యవాదాలు.

నాలుగో కష్టం, మన సమాచారం పోతుంది గాని తిరిగి రాదు. మా సంఘంలో ఒక అక్క కూతురు విజయవాడలో చదువుతోంది. ఒక కొట్టులో బియ్యం సంచి మీద వాళ్లమ్మ ఫొటో చూసి ఫోను చేసింది. సంచి మీద నలుపు తెలుపు గళ్ల గుర్తు ఒకటుంది. దాన్ని ఫోనుతో చూస్తే ఊరు పేరు, ఎన్ని ఎకరాలు, ఏం పంట, అన్నీ వచ్చాయి. అక్కను ఎవరూ అడగలేదు. చేలో ఫొటో తీసుకున్నారు, ఎందుకో చెప్పలేదు. బియ్యం కొనేవాళ్లకు అక్క మొహం తెలుసు, అక్కకు ఆ బియ్యం ధర తెలియదు. కూతురు చెబితే తెలిసింది. మనం అమ్మిన వడ్ల లెక్కకు రెండింతల పైన ఉంది.

ఇక్కడ న్యాయంగా మాట్లాడుకోవాలి. వంద కిలోల వడ్లు ఆడిస్తే 67 కిలోలకు అటూ ఇటూగా బియ్యం వస్తాయి. మిల్లు ఖర్చు, సంచి, లారీ, కొట్టువాడి లాభం ఉంటాయి. రెండింతలూ ఎవరో తినేశారని మేం అనడంలేదు. కానీ ఎంత మిల్లుకు పోయింది, ఎంత దారికి పోయింది, ఎంత మిగిలింది అన్నది మనకెవరూ చెప్పరు. మన ఎకరా, మన ఎరువు, మన ఫొటో, మన ఆధార్ అన్నీ వాళ్ల దగ్గరుంటాయి. వాళ్ల తూకం చీటీ, పరీక్ష కాగితం కూడా మన దగ్గర ఉండవు. మా 2022 సరుకును పరీక్ష చేసిన కాగితం ఇప్పటికీ మేం చూడలేదు. నోటి మాట మీదే నమ్మాం.

అక్కలూ, మన పొదుపు సంఘంలో ఇలా జరుగుతుందా? పంచసూత్రాల్లో పుస్తకాల నిర్వహణ ఒకటి. రాసింది సమావేశంలో చదివి వినిపిస్తారు. అందరూ సంతకాలు పెడతారు, రానివాళ్లు వేలిముద్ర వేస్తారు. ఎవరి పాసు పుస్తకం వాళ్లింట్లో ఉంటుంది. పదిరూపాయలు తేడా వస్తే అక్కడే అడుగుతాం. డబ్బు లెక్కకు ఇన్నాళ్లుగా నడుపుతున్న పద్ధతి పంట లెక్కకు ఎందుకు పనికిరాదు? పీజీఎస్ పద్ధతి కూడా దాదాపు ఇలాంటిదే. కనీసం ఐదుగురు రైతులు ఒక గుంపుగా ఏర్పడి ఒకరి చేను ఒకరు చూసి రాసుకుంటారు. పక్క చేను రైతు కళ్లకు మించిన తనిఖీ ఇంకేముంటుంది?

ఇంకో సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేరులోకి వచ్చినప్పుడు లంక ఊళ్లలో ఏం జరిగిందో మీకు చెప్పనక్కర్లేదు. తెలిసిన ఒక సంఘంలో నాలుగేళ్ల పంట పుస్తకాలు పెట్టెతో సహా తడిసి ముద్దయ్యాయి. ఎవరో చెల్లెలు అంతకుముందు రెండు పుస్తకాలు ఫోనులో ఫొటోలు తీసి పెట్టింది, అవే మిగిలాయి. ఫోను ఒక్కటే నమ్ముకుంటే అది కాలవలో పడుతుంది, కాగితం ఒక్కటే నమ్ముకుంటే వరదలో పోతుంది. రెండూ ఉండాలి, రెండిళ్లలో ఉండాలి.

ఫోనులో పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. 2023లో మన దేశంలో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. మన వివరాలు తీసుకునేవాళ్లు ఎందుకు తీసుకుంటున్నారో చెప్పాలి, మన ఒప్పుదల అడగాలి, ఒప్పుదల వెనక్కి తీసుకునే హక్కు కూడా మనకుంది. చట్టం సంగతి అలా ఉంచి మన మామూలు తెలివి వాడదాం. పంట రాసుకోవడానికి బ్యాంకు ఖాతా నంబరు అక్కర్లేదు. ఫోనుకొచ్చిన ఓటీపీ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆధార్ జిరాక్సు ఇస్తే దాని మీద ఎవరికి, ఎందుకు, ఏ తేదీన ఇచ్చామో అడ్డంగా రాసి ఇద్దాం. ఫొటో తీస్తామంటే ఎక్కడ వేస్తారని అడుగుదాం. అడిగితే ఎవరూ కొట్టరు.

మా సంఘం మూడేళ్లుగా నేర్చుకున్నదాంట్లోంచి ఐదు సంగతులు సమాఖ్య ముందు పెడుతున్నాం. నచ్చితే అన్ని గ్రామ సంఘాలూ తీర్మానం చేసుకోవాలని కోరుతున్నాం.

ఒకటి, పంట పుస్తకాన్ని కూడా పొదుపు పుస్తకంలాగే సమావేశంలో చదివి వినిపించాలి, చేసిన మనిషి పేరుతో రాయాలి, భూమి ఎవరి పేరున ఉన్నా సరే.

రెండు, తప్పును ముందే చెప్పినవాళ్లకు శిక్ష ఉండకూడదు. వాళ్ల సరుకు విడిగా అమ్మిపెట్టాలి.

మూడు, తూకాలు కిలోల్లో, పొలం సెంట్లలో, వంగడానికి రెండు పేర్లూ, మండలమంతా ఒకేలా రాయాలి. ఇది సమాఖ్య ఒక నమూనా పుస్తకం అచ్చు వేయిస్తే అయిపోతుంది. ఐసీఆర్‌పీ అక్కలు, రైతు సేవా కేంద్రం సిబ్బంది ఆ పుస్తకంలోంచే ఎక్కించుకోవాలని సమాఖ్య తరఫున అధికారులను అడగాలి. రాసేది ఒకసారే ఉండాలి.

నాలుగు, ఏ కొనుగోలుదారుతో ఒప్పందం చేసుకున్నా మూడు కాగితాలు మనకు ఇవ్వాలని అందులో రాయించాలి. తూకం చీటీ, పరీక్ష ఫలితం, అమ్మిన ధర. ఇవ్వనంటే మన వివరాలు కూడా ఇవ్వం. ఒక సంఘం అడిగితే పోవమ్మా అంటారు. సమాఖ్య అంతా ఒకే మాట మీద ఉంటే అనలేరు.

ఐదు, చెరువు నీళ్లు వదిలే తేదీలు ముందే పంచుకోవాలి. చేపకు, వరికి ఒకటే కాలవ.

మా పద్ధతితో కష్టాలన్నీ తీరాయని మేం చెప్పడంలేదు. తర్వాత వచ్చిన కొనుగోలుదారుకు ఎర్ర పురికొస బస్తాలు ఎందుకు విడిగా ఉన్నాయో మేమే ముందు చెప్పాం. ఆయన కాసేపు ఆలోచించి, "ఇది దాచలేదు కాబట్టి మిగతావి నమ్ముతాను" అన్నాడు. బస్తాకు రెండొందలు కాదు, నూటయాభై ఎక్కువిచ్చాడు. తూకం చీటీ ఇచ్చాడు. పరీక్ష కాగితం ఇస్తానన్నాడు, ఇంకా ఇవ్వలేదు. ప్రతి మంగళవారం ఫోను చేస్తూనే ఉన్నాం, వచ్చేదాకా చేస్తూనే ఉంటాం.

మన రాష్ట్ర ప్రకృతి వ్యవసాయానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. ఎక్కడో పోర్చుగల్ దేశంలో ఇచ్చారట. అది విని గర్వపడ్డాం. ఆ బహుమతి వెనక లక్షల మంది ఆడవాళ్ల చేతులున్నాయి. ఆ చేతులు ఏం చేశాయో రాసిన లెక్క ఆ చేతుల్లోనే ఒక ప్రతి ఉండాలని మాత్రమే మేం అడుగుతున్నాం.

చెరువు గట్టున పెరిగిన పిల్లలం, లెక్క తప్పితే ఎలా ఉంటుందో చూసినవాళ్లం. మీ సంఘాల్లో ఇంతకన్నా మంచి పద్ధతులు ఉంటే భోజనాలప్పుడు చెప్పండి, పుస్తకం తెచ్చుకున్నాం, రాసుకుంటాం.